హక్కులకు హద్దులు: గోదావరి జిల్లాల సాక్ష్యం

1

మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులను గురించి ప్రస్తావన వచ్చినప్పుడల్లా అభ్యుదయవాదులలో రెండు వాదాలు వినిపిస్తుంటవి. ఆ హక్కులు కాగితపు పూలనీ, కుడిచేత్తో ఇచ్చినదాన్ని ఎడమచేత్తో లాక్కోవడానికి పాలకవర్గం పన్నిన ఉపాయమనీ మొదటి వాదం. హక్కులు స్పష్టంగా రాసి ఉన్నవి, వాటిని కాపాడటానికి న్యాయస్థానాలున్నవి, కనుక మనం నిశ్చింతగా ఉండవచ్చునని రెండవ వాదం. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ గోదావరి జిల్లాల అనుభవం ముందు నిలవదని నా అభిప్రాయం. ఆ అనుభవాన్నే ఇక్కడ పరిశీలించదలచుకున్నాను.

ఈ వివాదం కొత్తది కాదు. 1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ పరిషత్తులో కమ్యూనిస్టు సభ్యుడు సోమనాథ్ లాహిరి లేచి, ఈ హక్కులలో చాలాభాగం పోలీసు కానిస్టేబులు దృష్టితో రాసినట్టుగా ఉన్నవని విమర్శించారు. ప్రతి హక్కు వెనుకా ఒక మినహాయింపు నీడలాగా నడుస్తున్నదని ఆయన బాధ. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేద్కర్ ఇలాంటి విమర్శకే జవాబు చెప్పారు. అమెరికాలో కూడా హక్కులు నిరపేక్షం కావు, అక్కడ న్యాయస్థానాలు కల్పించిన పరిమితులను ఇక్కడ రాజ్యాంగమే నేరుగా చెబుతున్నది, తేడా రూపంలోనే గాని సారంలో లేదని ఆయన వాదించారు.

ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. హద్దు లేని హక్కు ఏ సమాజంలోనూ లేదు. ఆ హద్దు గీసే సుద్దముక్క పోలీసు చేతిలో ఉంటే హక్కు మిగలదు. కనుక, హద్దు ఉండాలా వద్దా అన్న తగవుతో మనకు ఒరిగేది లేదు. ఆ హద్దు ఎవరిని ఎవరినుంచి కాపాడుతున్నది? అది అవసరమని రుజువు చేసే బరువు ఎవరి నెత్తిన ఉన్నది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటే తప్ప ఏ నిషేధాన్నీ సరిగా విమర్శించలేము.

2

1953 అక్టోబరు 1 దాకా గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. ప్రాథమిక హక్కుల హద్దులను నిర్ణయించిన తొలి తీర్పులు కొన్ని ఆ రాష్ట్రంనుంచే వచ్చినవి. అది యాదృచ్ఛికం కాదు. 1948నుంచి మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టులనూ, రైతుకూలీ సంఘాలనూ వేటాడుతున్నది. 1949లో పార్టీనే చట్టవిరుద్ధమని ప్రకటించింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 జనవరి 26 నాటికి జైళ్ళు డెటిన్యూలతో నిండి ఉన్నవి. కొత్త హక్కుల బలాబలాలను పరీక్షించవలసిన అవసరం మొదట ఎవరికి కలిగిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బొంబాయినుంచి వెలువడే 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకుండా 1950 మార్చిలో ప్రభుత్వం నిషేధించింది. సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ప్రజాభద్రత, ప్రజాశాంతి అన్న విశాలమైన మాటల చాటున పత్రికను ఆపడానికి అప్పటి రాజ్యాంగం అనుమతించదనీ, రాజ్య భద్రతకే ముప్పు వచ్చే సందర్భంలోనే అది చెల్లుతుందనీ 1950 మే 26న కోర్టు తేల్చింది. ప్రభుత్వం ఏమి చేసింది? ఏడాది తిరిగేసరికి రాజ్యాంగాన్నే సవరించింది. 1951 జూన్ 18న అమలులోకి వచ్చిన మొదటి సవరణ వాక్స్వాతంత్ర్యానికి పరిమితులు విధించే కారణాలలో 'ప్రజాశాంతి'ని చేర్చింది.

అయితే అదే సవరణ మరొక చిన్నమాటను కూడా అక్కడ చేర్చింది. ఆంక్ష 'సహేతుకం'గా ఉండాలన్నది. సంకెలతోపాటు దాని తాళంచెవి కూడా ఆ వాక్యంలోనే పడిపోయింది.

ఆ తాళంచెవిని వాడే పద్ధతిని చూపించిన కేసు కూడా మద్రాసుదే. బారిస్టరు వి. జి. రావు కార్యదర్శిగా ఉన్న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని ప్రభుత్వం చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. ప్రభుత్వానికి తోస్తే చాలునన్నది ఆ చట్టంలోని సారాంశం. 1952 మార్చి 31న ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి ఆ చట్టభాగాన్ని కొట్టివేస్తూ ఒక కొలబద్ద ఇచ్చారు. దెబ్బతిన్న హక్కు ఎలాంటిది? ఆంక్ష విధించడంలోని ఉద్దేశమేమిటి? అరికట్టదలచిన కీడు ఎంతటిది, ఎంత తొందరది? ఆ కీడుకూ ఈ ఆంక్షకూ పొంతన ఉన్నదా? నాటి పరిస్థితులెలాంటివి? ఇవన్నీ చూసిన తరువాతనే ఒక ఆంక్ష సహేతుకమా కాదా చెప్పగలమని ఆ తీర్పు సారం.

విద్యార్థి మిత్రులు ఈ కొలబద్దను పరీక్షకోసం కంఠస్థం చేసి మరచిపోతారు. ప్రభుత్వం ఎవరి నోరు మూయించాలనుకున్నదో వారే పోరాడి సంపాదించిన కొలబద్ద ఇది. హక్కులను కాగితపు పూలని ఈసడించే మిత్రులు తమవారి ఆస్తినే తాము కాలదన్నుకుంటున్నారు.

3

హద్దు అనే మాట వినగానే ఉలిక్కిపడవలసిన పని లేదని చెప్పడానికి మన జిల్లాలలోనే మంచి ఉదాహరణలున్నవి. మొదటి సవరణ వాక్స్వాతంత్ర్యానికి చేసిన అపకారం ఒకవైపు ఉండగా, భూసంస్కరణలకు చేసిన ఉపకారం మరొకవైపు ఉన్నది. జమీందార్లు ఆస్తిహక్కు పేరుతో కోర్టుల చుట్టూ తిరిగి భూసంస్కరణలను ఆపకుండా తొమ్మిదవ షెడ్యూలు ఏర్పడింది. అందులో మొట్టమొదట చేరిన 13 చట్టాలలో 1948నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఒకటి. పిఠాపురం వంటి సంస్థానాల పెత్తనం అంతరించడానికి చట్టరీత్యా ఆధారం అది. ఒక జమీందారు హక్కుకు గీసిన గీత వేలాది రైతులకు హక్కు అయింది. చివరకు 44వ సవరణ ద్వారా 1979లో ఆస్తి ప్రాథమిక హక్కుల జాబితానుంచే తొలగిపోయింది.

ఇంకా ఎగువకు, రంపచోడవరం ఏజెన్సీకి వెళితే ఇదే సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 19వ అధికరణంలోని అయిదవ క్లాజు, షెడ్యూల్డు తెగల ప్రయోజనాలకోసం ఇతరుల హక్కులపై ఆంక్షలు పెట్టవచ్చునంటున్నది. 1970నాటి ఒకటవ నంబరు రెగ్యులేషను షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులు భూములు కొనకుండా నిషేధించింది. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనునినుంచి వచ్చినదేనని ముందుగా భావించి, కాదని రుజువు చేసే బరువును అతనిమీదనే పెట్టింది. మైదానంనుంచి వెళ్ళిన భూస్వాములు మా హక్కులు పోయినవని వాదించారు. 1988లో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషను చెల్లుతుందన్నది.

కనుక హద్దులన్నీ ఒక జాతివి కావు. బలవంతుని చేయి పట్టుకొని ఆపే హద్దు హక్కుకు తోబుట్టువు. బలవంతునికి కోపం వచ్చిందని బలహీనుని నోరు నొక్కే హద్దు హక్కుకు శత్రువు.

4

రచయితలకూ నటులకూ ఎక్కువగా ఎదురయ్యేది రెండవ రకం.

తెల్లదొరలు 1876లో నాటక ప్రదర్శనల చట్టం చేశారు. అపకీర్తికరమనో, ప్రభుత్వంపట్ల ద్వేషం రగిలిస్తుందనో, ప్రేక్షకుల నీతి చెడుతుందనో అనిపిస్తే ఏ నాటకాన్నయినా ఆపవచ్చునని ఆ చట్టం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పాలకులు ఆ చట్టాన్ని అవతల పారవేయలేదు. లక్నోలో ప్రజానాట్య సంఘంవారు ప్రేమ్‌చంద్ కథ 'ఈద్‌గాహ్'ను నాటకంగా ఆడబోతే ఆ చట్టం కింద కేసు పెట్టారు. 1956లో అలహాబాదు హైకోర్టు, ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమన్నది. అయినా చట్టాల పుస్తకంనుంచి పార్లమెంటు దానిని తొలగించినది 2018లోనే.

మన తెలుగుదేశంలో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రాసిన 'మా భూమి' తెలంగాణా రైతుల పోరాటాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. డాక్టరు గరికపాటి రాజారావు నాయకత్వాన ప్రజానాట్యమండలి దళాలు కోస్తా జిల్లాల పల్లెలలో దానిని ఆడినవి. 1948లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి రాజ్యాంగం లేదు, హక్కుల అధ్యాయం లేదు. కనుక ఆ నిషేధాన్ని కొలిచే కొలబద్ద కూడా లేదు.

2022 నాటికి అవన్నీ ఉన్నవి. అయినా జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటక ప్రదర్శనను రాష్ట్రమంతటా నిషేధించింది. వందేళ్ళ క్రితం కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం అది. వరకట్నంమీద 'వరవిక్రయం', తాగుడుమీద 'మధుసేవ' రాసిన గోదావరి జిల్లాల సంస్కర్త ఆయన. వేశ్యాలోలత్వం సంసారాలను ఎలా కూల్చుతుందో చూపడం 'చింతామణి'లో ఆయన ఉద్దేశం. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని అవమానిస్తున్నదని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా ఫిర్యాదు చేస్తూ వచ్చినవి. ఆ ఫిర్యాదు నిషేధమై పరిణమించింది.

ఇక్కడ నేను ఏమీ దాచుకోకుండా రెండు మాటలు చెప్పాలి. ఆ నాటకంలో లోపాలున్నవి. డబ్బుగలవాని భోగలాలసను నిలదీయవలసిన చోట వేశ్యనే మూలకారణంగా నిలబెట్టిన సంస్కర్తల దృష్టి అందులో ఉన్నది. సుబ్బిశెట్టి హాస్యంలో ఒక కులాన్ని చూసి నవ్వే అలవాటు ఉన్నది. అంతకంటె ముఖ్యం, దశాబ్దాల తరబడి సమాజాలవారు టిక్కెట్లకోసం చొప్పించిన బూతు సంభాషణలు మూలాన్ని మింగివేసినవి. కనుక వైశ్యుల బాధను పూర్తిగా నిరాధారమని కొట్టివేయను.

కాని ఈ లోపాలను ఎత్తిచూపడం ఎవరి పని? విమర్శకుని పని, ప్రేక్షకుని పని, దానికి సమాధానంగా మరో నాటకం రాయగల రచయిత పని. విమర్శకుని కలాన్ని పోలీసు లాఠీకి అప్పగిస్తే సాహిత్యానికి గాని, అవమానపడిన కులానికి గాని మేలు జరగదు. వాక్స్వాతంత్ర్యంపై ఆంక్షలకు రాజ్యాంగం ఎనిమిది కారణాలు చెప్పింది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజాశాంతి, సభ్యత, నీతి, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఈ పట్టికలో 'మనోభావాలు' అన్న మాట లేదు. అది సాధారణంగా ప్రజాశాంతి అన్న తలుపుగుండా లోపలికి వస్తుంది. మా మనసు గాయపడింది, ఆపకపోతే గొడవ జరుగుతుంది అని ఎవరో అంటారు. గొడవ చేస్తామన్నవారిని వదిలి ప్రభుత్వం నాటకాన్ని ఆపుతుంది.

ఈ తలుపును సుప్రీంకోర్టు 1989లోనే చాలావరకు మూసింది. రిజర్వేషన్లను విమర్శించిన 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రం ఆడితే అల్లర్లవుతవని తమిళనాడు ప్రభుత్వం వాదించింది. బెదిరింపులకు లొంగి వాక్స్వాతంత్ర్యాన్ని అణచివేయడానికి వీలులేదనీ, ఆ స్వేచ్ఛను కాపాడటం ప్రభుత్వ విధి అనీ, విరోధులను అదుపు చేయలేమని చేతులెత్తడం చెల్లదనీ రంగరాజన్ కేసులో కోర్టు చెప్పింది. ఆ చిత్రంలోని వాదం మనకు నచ్చకపోవచ్చు. ఆ తీర్పు మాత్రం మనది.

ఇప్పుడు 1952నాటి కొలబద్దతో 'చింతామణి' నిషేధాన్ని కొలిచి చూడండి. అభ్యంతరం చొప్పించిన సంభాషణలమీద. ఆంక్ష మొత్తం నాటకంమీద. తప్పు కొన్ని సమాజాలది. శిక్ష ఆ పాత్రలు ధరించి బతికే ప్రతి కళాకారునికీ. కీడుకూ ఆంక్షకూ పొంతన ఎక్కడ?

5

రంగస్థలంనుంచి రోడ్డుమీదికి వస్తే, పల్లెటూరి వాడికి కూడా నంబరుతో సహా తెలిసిన చట్టం ఒకటున్నది: నూటనలభైనాలుగు. బ్రిటిషువారి క్రిమినల్ ప్రొసీజరు కోడునుంచి 1973నాటి కోడులోకి వచ్చింది. 2024 జూలై 1నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షను అయింది. అంకె మారింది, అధికారం మారలేదు. ఒక మేజిస్ట్రేటు కాగితంమీద సంతకం చేస్తే ఊళ్ళో నలుగురు కలిసి నిలబడటం నేరమవుతుంది.

2016లో భీమవరం పక్కన తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాల ప్రజలు ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్నారు. ఫ్యాక్టరీ వ్యర్థాలతో గొంతేరు కాలువ పాడవుతుందనీ, చేపలమీదా సేద్యంమీదా బతికే తమ బతుకు పోతుందనీ వారి భయం. ఆ గ్రామాలలో 144వ సెక్షను పెట్టారు. ఆందోళనకారులమీద హత్యాయత్నం వంటి తీవ్రమైన కేసులు బనాయించారు. ఫ్యాక్టరీకి పోలీసు కాపలా, ఊరికి నిషేధాజ్ఞ. ఎవరిని ఎవరినుంచి కాపాడారన్న ప్రశ్నకు ఇంతకంటె సూటిగా జవాబు దొరకదు.

ఆ మరుసటి ఏడు, 2017లో, పాలకోడేరు మండలం గరగపర్రులో దళితులు అంబేద్కర్ విగ్రహాన్ని ఇతర నాయకుల విగ్రహాల సరసన పెట్టబోయారు. ఊరి పెత్తందార్లు వారిని సాంఘికంగా వెలివేశారు, పనిలోకి పిలవడం మానివేశారు. ఇక్కడ హక్కుకు హద్దు గీసినది ప్రభుత్వం కూడా కాదు, భూమిగలవారు. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం ప్రభుత్వాన్నే కాక వ్యక్తులను కూడా కట్టివేస్తుంది. 2016 జనవరి 26నుంచి అమలులో ఉన్న అత్యాచారాల నిరోధక చట్టం సవరణ సాంఘిక బహిష్కారాన్ని ప్రత్యేకంగా నేరమన్నది. పెత్తందార్ల స్వేచ్ఛకు హద్దు గీయవలసిన చోట చట్టం సిద్ధంగానే ఉన్నది, దానిని కదిలించే చేయి మాత్రం తాత్సారం చేసింది.

కోనసీమ ఉదంతం ఇంకా చిక్కయినది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో నిషేధాజ్ఞలను కాదని వచ్చిన గుంపులు మంత్రి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పుపెట్టినవి. ఇక్కడ ప్రజాశాంతికి భంగం కలిగిందన్నది కల్పన కాదు. ఇళ్ళు తగలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ రోజున ఆంక్ష విధించడం సహేతుకమేనని ఒప్పుకోవాలి. కాని ఆ తరువాత జిల్లాలో ఇంటర్నెట్టును రోజుల తరబడి ఆపివేశారు. ఇంటివద్దనుంచే పనిచేసే ఉద్యోగులు సిగ్నలు దొరికే చోటు వెతుక్కుంటూ పోయారు. అంబేద్కర్ పేరు కావాలన్నవారి మాట కూడా, వద్దన్నవారి మాటతోపాటు ఆగిపోయింది. ఇలాంటి ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించాలనీ, గడువు లేకుండా ఆపరాదనీ, అవసరాన్ని మించరాదనీ 2020 జనవరి 10న కాశ్మీరు విషయమై ఇచ్చిన అనురాధా భసీన్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. రాజ్యాంగ నిర్మాత పేరు పెట్టిన సందర్భంలోనే రాజ్యాంగపు కొలబద్ద అటకెక్కడం విషాదం.

చివరగా రోడ్డు. కందుకూరు, గుంటూరులలో తొక్కిసలాటలకు 11 మంది బలి అయిన వెంటనే, 2023 జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం 1861నాటి పోలీసు చట్టం ఆధారంగా ఒకటవ నంబరు జీవో తెచ్చింది. జాతీయ రహదారినుంచి పంచాయతీ రోడ్డు దాకా సభలు వద్దన్నది. మనుషులు చనిపోయిన మాట నిజం, జాగ్రత్త అవసరమన్న మాటా నిజం. కాని కల్యాణమంటపం అద్దెకు తీసుకోగల పార్టీకి రోడ్డు పోయినా సభ ఉంటుంది. వ్యవసాయ కూలీ సంఘానికి రోడ్డు పోతే సభే పోతుంది. వీధులను సభలకు పూర్తిగా మూయరాదని సుప్రీంకోర్టు 1972లోనే అహమ్మదాబాదు కేసులో చెప్పింది. సి.పి.ఐ. రాష్ట్ర కార్యదర్శి తదితరులు హైకోర్టుకు వెళ్ళగా, 2023 మే 12న ఆ జీవో రద్దయింది.

6

ఈ చివరి విజయాన్ని చూసి, చూశారా, కోర్టులు కాపాడుతున్నవి అని రెండవ వాదంవారు సంతోషించవచ్చు. వారికి కొన్ని తేదీలు గుర్తుచేస్తాను. మద్రాసు జైలునుంచి ఏ. కె. గోపాలన్ వేసిన కేసులో ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టాన్ని సుప్రీంకోర్టు ఒక్క సెక్షను మినహా 1950 మే 19న సమర్థించింది. చట్టం ఉంటే చాలదు, ఆ చట్టపు పద్ధతి న్యాయంగా కూడా ఉండాలని అదే కోర్టు మేనకా గాంధీ కేసులో చెప్పడానికి 1978 దాకా, అంటే 28 ఏళ్ళు పట్టింది. నడుమ అత్యవసర పరిస్థితిలో, 1976 ఏప్రిల్ 28న, అక్రమంగా జైల్లో పెట్టినా ఎవరూ కోర్టు తలుపు తట్టరాదని చెప్పింది కూడా ఆ కోర్టే.

వర్గభేదం న్యాయస్థానపు గడపవద్ద ఆగిపోదు. 2021 మే 14న నర్సాపురం పార్లమెంటు సభ్యుడు రఘురామకృష్ణరాజును రాజద్రోహ నేరంపై అరెస్టు చేశారు. ఆ అరెస్టు తప్పే. వారం తిరిగేసరికి, మే 21న, సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అదీ సరియైనదే. కాని తుందుర్రులో కేసు పడిన కూలీకి ఢిల్లీ ఎంత దూరం? 2022 మే 11న రాజద్రోహ సెక్షను అమలును కోర్టు నిలిపివేసింది. 2024 జూలైనుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షను రూపంలో దాని సారం మళ్ళీ వచ్చి కూర్చున్నది.

మరి మనం చేయవలసినదేమిటి? నిషేధం వచ్చినప్పుడు ఉత్తర్వు ప్రతి అడగాలి. దానిలో కారణాలు రాశారో లేదో చూడాలి. గడువు ఉన్నదో లేదో చూడాలి. ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసి ఊళ్ళో చదివి వినిపించాలి. ఉపాధ్యాయులు ఈ పనికి సమర్థులు. వారికి స్వయంగా ఇది అవసరం కూడా. 2022 ఫిబ్రవరి 3న వారూ ఇతర ఉద్యోగులూ తలపెట్టిన 'ఛలో విజయవాడ'కు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ప్రభుత్వోద్యోగి అయినంతమాత్రాన ప్రదర్శన జరిపే హక్కు పోదని 1962లోనే, కామేశ్వర ప్రసాద్ కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె చేయడం మాత్రం ప్రాథమిక హక్కు కాదని కూడా అన్నది. ఈ రెండు వాక్యాలూ తెలిసిన ఉపాధ్యాయునికీ, ఏదీ తెలియని ఉపాధ్యాయునికీ పోలీసు స్టేషనులో తేడా ఉంటుంది.

రచయితలకు మరొక బాధ్యత ఉన్నది. మనకు నచ్చిన నాటకం ఆగినప్పుడే గొంతెత్తితే మన గొంతుకు విలువ ఉండదు. 'చింతామణి'ని నిర్దాక్షిణ్యంగా విమర్శిద్దాం, దానిని ఆడే హక్కుకోసం కూడా నిలబడదాం. ఈ రెండూ ఒకేసారి చేయగలిగినప్పుడే, రేపు 'మా భూమి' వంటి నాటకం ఆగినప్పుడు మన మాట నలుగురు వింటారు. 1952లో ఒక సొసైటీకోసం సంపాదించిన కొలబద్ద లా పుస్తకాలలో బూజుపట్టకుండా ఉండాలంటే, దానిని ఊరి చావడిలోనూ, నాటకాల పందిరిలోనూ, పాఠశాలలోనూ రోజూ వాడటమొక్కటే మార్గం.